అంతర్జాల వార్తలో లంకె: ఒక ఆధారసూచన చరిత్ర

వ్యాససంగ్రహం: అంతర్జాల వార్తాకథనంలో ఉండే లంకెను చాలాకాలంగా సాంకేతిక సౌకర్యంగానే పరిగణిస్తున్నారు. వార్త తన ఆధారాన్ని పాఠకుని ఎదుట ఉంచే పద్ధతిగా లంకెను చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. లంకె పుట్టుక, పత్రికలు మొదట దానిని అనుమానించిన తీరు, న్యాయస్థానాలు దానికి ఇచ్చిన నిర్వచనం, కాలక్రమంలో లంకెలు తెగిపోవడం అనే దశలను పరిశీలించి, తెలుగు వార్తాస్థలాల విషయంలో ఈ చరిత్రకు ఉన్న ప్రాధాన్యాన్ని నిరూపించడం దీని ఉద్దేశం.

ప్రవేశిక

సూర్యరాయాంధ్ర నిఘంటువులో పదానికి అర్థం చెప్పిన తరువాత పూర్వకవి ప్రయోగాన్ని చూపి, ఆకరగ్రంథం పేరును పొడి అక్షరాలలో సూచిస్తారు. ఆ పొడి అక్షరాలను పట్టుకొని పాఠకుడు గ్రంథాలయానికి వెళ్ళవచ్చు. ప్రయోగాన్ని స్వయంగా చూసి, నిఘంటుకర్త చెప్పిన అర్థం అక్కడ కుదురుతుందో లేదో తేల్చుకోవచ్చు. అర్థాన్ని పరీక్షించే దారిని తెరిచి ఉంచడం వల్లనే ఆ నిఘంటువుకు ప్రామాణికత కలిగింది.

ముద్రణయుగంలో వార్తకు ఈ అవకాశం దాదాపు లేదు. ‘నివేదికలో వెల్లడైంది’, ‘ఉత్తర్వులలో పేర్కొన్నారు’, ‘విశ్వసనీయవర్గాల ద్వారా తెలిసింది’ అనే మాటలు ఆధారం ఉందని చెబుతాయి గాని ఆధారాన్ని చూపవు. స్థలాభావం వల్ల నివేదిక అంతా అచ్చువేయడం పత్రికకు సాధ్యం కాదు. పాఠకుడు పత్రికను నమ్మాలి, లేదా మానాలి. అంతర్జాలంలోని వార్తకు ఈ పరిమితి లేదు. నివేదిక పేరు రాసిన చోటనే నివేదికకు దారి చూపవచ్చు. ఆ దారినే లింకు అనీ, లంకె అనీ వ్యవహరిస్తున్నారు. ఈ వ్యాసంలో ‘లంకె’ అనే మాటను స్వీకరించడమైనది.

వార్తలో లంకె పనిచేస్తున్నది అనడానికి మూడు లక్షణాలు ఉండాలి. మొదటిది, అది ఏదో ఒక స్థలపు ముఖపుటకు కాక, ప్రస్తావించిన విషయం ఉన్న పుటకే చేర్చాలి. రెండవది, నొక్కినప్పుడు ఆ పుట తెరుచుకోవాలి. మూడవది, వార్త రాసిననాడు అక్కడ ఏమి ఉన్నదో చదివేనాడు కూడా అదే ఉండాలి. మొదటి లక్షణం విషయంలో పత్రికలే పత్రికలపై న్యాయస్థానాలకు వెళ్ళాయి. మిగిలిన రెండింటి విషయంలో కాలమే ప్రతివాది అయింది.

లంకె పుట్టుక

ఒక పత్రం నుంచి మరొక పత్రానికి యంత్రసహాయంతో వెళ్ళే ఊహ అంతర్జాలం కంటే పాతది. 1945 జూలైలో ‘ది అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ప్రచురితమైన వ్యాసంలో వానెవర్ బుష్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ‘మెమెక్స్’ అనే ఊహాయంత్రాన్ని వర్ణించాడు. సూక్ష్మఫిల్ముపై భద్రపరచిన పత్రాలను పరిశోధకుడు తన మేజావద్దనే ఒకదానితో ఒకటి ముడివేసుకుంటూ పోతాడు. ఆ ముడుల వరుసను మరొకరికి అందజేయగలుగుతాడు. 1965లో టెడ్ నెల్సన్ ఈ విధమైన రచనకు ‘హైపర్‌టెక్స్ట్’ అనే పేరు పెట్టాడు. అతడు తలపెట్టిన ‘జనాడు’ వ్యవస్థలో లంకె రెండువైపులా పనిచేయాలి. తనవైపు ఎవరు చూపుతున్నారో చూపబడిన పత్రానికి కూడా తెలియాలి.

1989 మార్చిలో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనసంస్థలో టిమ్ బెర్నర్స్-లీ సమర్పించిన ప్రతిపాదన నుంచి పుట్టిన వెబ్ ఈ ద్విముఖత్వాన్ని వదులుకుంది. వెబ్‌లో లంకె ఏకముఖం. లంకె వేసేవారు అవతలి పుట యజమాని అనుమతి అడగనక్కరలేదు. లంకెలన్నిటినీ నమోదుచేసే కేంద్రవ్యవస్థ కూడా లేదు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకొనేటట్లు విడుదల చేసింది. అదే సంవత్సరం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ బ్రౌజర్ వెబ్‌ను సామాన్యుల దగ్గరకు చేర్చింది.

వెబ్ వేగంగా విస్తరించడానికి ఈ ఏకముఖత్వం ఎంతగానో తోడ్పడింది. లంకెల బలహీనతకూ ఇదే మూలం. అవతలి పుటను తొలగించినా, మరొక చిరునామాకు మార్చినా ఇవతలి లంకెకు ఆ సంగతి తెలియదు. పాఠకుడు నొక్కినప్పుడు మాత్రమే ‘404’ అనే సంఖ్యతో, పుట దొరకలేదన్న సమాధానం వస్తుంది. పుట తావు మారినప్పుడు పాత చిరునామా నుంచి కొత్తదానికి పాఠకుని దానంతటదే తీసుకువెళ్ళే ఏర్పాటు ఆ నియమావళిలోనే ఉంది. అయితే ఆ ఏర్పాటు చేయడం, చేయకపోవడం స్థలనిర్వాహకుల ఇష్టం. చిరునామాలు మార్చకుండా ఉంచడం నిర్వాహకుల బాధ్యత అని బెర్నర్స్-లీ 1998లో ఒక వ్యాసమే రాయవలసివచ్చింది. రచయిత పేరు, విషయవిభాగం, దస్త్రం రకం వంటి మారే అంశాలను చిరునామాలో చేర్చరాదని అతడు అందులో సూచించాడు.

పత్రికల సంశయం

భారతదేశంలో ‘ది హిందూ’ 1995లో అంతర్జాల సంచికను ప్రారంభించింది. 1996 జనవరిలో ‘న్యూయార్క్ టైమ్స్’ తన స్థలాన్ని తెరిచింది. ఈ తొలిదశలో చాలా పత్రికలు అచ్చుప్రతికోసం తయారైన పాఠాన్ని యథాతథంగా అంతర్జాలంలో పెట్టాయి. అచ్చుకోసం రాసిన వాక్యంలో లంకెకు తావు ఉండదు. దీనికి తోడు, లంకె వేస్తే పాఠకుడు బయటికి వెళ్ళిపోతాడనే భయం కూడా ఉండేది. ముఖపుటలో ప్రకటనలు ఉంటాయి కనుక, బయటివారు ముఖపుటను దాటించి నేరుగా లోపలి పుటకు పాఠకుని చేర్చడం పత్రికలకు నష్టంగా తోచింది.

ఈ భయం మొదట స్కాట్లండ్‌లో వ్యాజ్యరూపం ధరించింది. షెట్లండ్ దీవులలో ‘షెట్లండ్ టైమ్స్’ ముద్రిత వారపత్రిక. ‘షెట్లండ్ న్యూస్’ అంతర్జాలంలో మాత్రమే వెలువడే పత్రిక. రెండవది మొదటిదాని శీర్షికలను తన పుటలో ఉంచి, వాటిని నొక్కితే ‘టైమ్స్’ లోపలి కథనం నేరుగా తెరుచుకొనేటట్లు లంకెలు వేసింది. 1996 అక్టోబరు 24న స్కాట్లండ్ ఉన్నతన్యాయస్థానంలో లార్డ్ హామిల్టన్ ‘టైమ్స్’ పక్షాన తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చాడు. చివరకు 1997 నవంబరులో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. ప్రతి శీర్షిక కింద అది ‘షెట్లండ్ టైమ్స్’ కథనమని స్పష్టంగా చెప్పాలన్న షరతుపై లంకెలు కొనసాగాయి. కథనం ఎవరిదో చెప్పి దారి చూపడం తప్పుకాదన్న అవగాహన ఆ రాజీలో ఇమిడి ఉంది. శాస్త్రగ్రంథాలలో ఆకరాన్ని పేర్కొనే మర్యాద ఇంతకంటే భిన్నమైనది కాదు.

లోపలి పుటకు లంకె వేయడంపై దేశదేశాలలో భిన్నమైన తీర్పులు వచ్చాయి. డెన్మార్క్‌లో వార్తాపత్రికల ప్రచురణకర్తల సంఘం ‘న్యూస్‌బూస్టర్’ అనే వార్తాసేవపై వేసిన దావాలో 2002లో కోపెన్‌హాగెన్ న్యాయస్థానం సంఘం పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరమే జర్మనీ సర్వోన్నత సివిల్ న్యాయస్థానం ‘పేపర్‌బాయ్’ అనే సేవ విషయంలో దీనికి విరుద్ధంగా నిర్ణయించింది. తమ కథనాన్ని బహిరంగంగా అంతర్జాలంలో ఉంచినవారు, దాని చిరునామాను మరొకరు చెప్పారని ఆక్షేపించలేరన్నది ఆ నిర్ణయసారం.

న్యాయస్థానాల నిర్వచనం

లంకె స్వభావాన్ని నిర్ణయించడంలో కెనడా సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 19న క్రూక్స్-న్యూటన్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు ప్రధానమైనది. పరువునష్టం కలిగించే రచనకు లంకె వేసినవాడు ఆ రచనను ప్రచురించినట్లేనా అన్నది అక్కడి ప్రశ్న. లంకె అధస్సూచిక వంటిది. అది ఒక రచన ఉన్నదని చెబుతుంది గాని ఆ రచనను తనంతట తాను ప్రచురించదు అని అధికసంఖ్యాక న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. అవతలి పుటలోని విషయంపై లంకె వేసినవానికి అధికారం లేదు. వేసిన తరువాత అక్కడి విషయం మారిపోవచ్చు కూడా. న్యాయపరంగా లంకె వేసినవానికి రక్షణ కల్పించిన ఈ కారణమే పరిశోధనపరంగా లంకె బలహీనతను తెలుపుతుంది.

ఐరోపాసమాఖ్య న్యాయస్థానం 2014 ఫిబ్రవరి 13న స్వెన్సన్ వ్యాజ్యంలో మరొక కోణాన్ని స్పష్టం చేసింది. స్వీడన్ పత్రిక ‘గోటెబోర్గ్స్-పోస్టెన్’లో రాసిన పాత్రికేయులు, తమ వ్యాసాలకు ఒక సంస్థ అనుమతి లేకుండా లంకెలు వేసిందని ఫిర్యాదు చేశారు. అందరికీ అందుబాటులో ఉన్న రచనకు లంకె వేయడం కొత్త పాఠకవర్గానికి దానిని అందజేయడం కాదని, అందువల్ల అనుమతి అవసరం లేదని న్యాయస్థానం తేల్చింది. చందాదారులకే పరిమితమైన రచనను ఆ అడ్డు దాటించి చూపే లంకె విషయం వేరని కూడా చెప్పింది. 2016 సెప్టెంబరులో జీఎస్ మీడియా వ్యాజ్యంలో లాభాపేక్షతో లంకె వేసేవారిపై అదనపు బాధ్యత మోపింది. అవతలి పుటలో రచన హక్కుదారుని అనుమతితోనే ఉన్నదా అన్నది అటువంటివారు విచారించుకోవాలి.

ఈ తీర్పులను వరుసగా చదివితే ఒక పరిణామం కనిపిస్తుంది. 1996లో అపహరణగా అనుమానించిన పనిని పదిహేనేళ్ళలో న్యాయశాస్త్రం అధస్సూచికగా గుర్తించింది. ఇది పత్రికారచనకు లభించిన గౌరవం. దానికి తగినట్లు పత్రికలు లంకెను అధస్సూచికవలె వాడాయా అన్నది వేరే ప్రశ్న.

లంకె – ఆధారమా, ఆకర్షణా?

వార్తాకథనాలలోని లంకెలు స్థూలంగా మూడు విధాలు. మూలపత్రానికి వేసేవి మొదటి రకం. తీర్పు, ప్రభుత్వ ఉత్తర్వు, గణాంకనివేదిక, పరిశోధనపత్రం మొదలైనవి వీటి గమ్యాలు. ఆ విషయాన్ని మొదట వెల్లడించిన మరొక పత్రిక కథనానికి వేసేవి రెండవ రకం. తన పాత కథనాలకే వేసుకొనేవి మూడవ రకం. మొదటిది నిజనిర్ధారణకు, రెండవది కృతజ్ఞతాప్రకటనకు, మూడవది పూర్వాపరాలకు ఉపకరిస్తుంది. అయితే మూడవ రకం లంకె పాఠకుని తన స్థలంలోనే తిప్పుతుంది. ప్రకటనల ఆదాయానికి అది అనుకూలం. అందుచేత ఆధారం చూపవలసిన చోట ‘ఇవీ చదవండి’ అనే వరుస వచ్చి నిలవడం సహజమైంది. వాక్యంలోని మాటకు తగిలించిన లంకె ఆ వాక్యానికి జవాబుదారీ. వాక్యాల మధ్య దూర్చిన శీర్షికల వరుసకు ఆ జవాబుదారీతనం లేదు.

వెబ్ అన్వేషణ చరిత్ర కూడా లంకె విలువను ఆర్థికంగా మార్చింది. 1998లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి లంకెను శాస్త్రవ్యాసాలలోని ఉల్లేఖనతో పోల్చింది. ఎక్కువమంది లంకె వేసిన పుట ఎక్కువ ప్రమాణమని లెక్కించింది. అంటే ఒక పత్రిక మరొక పత్రికకు లంకె వేయడం దానికి ప్రతిష్ఠను పంచి ఇవ్వడమే అయింది. పంచడానికి ఇష్టపడని పత్రిక ‘ఒక ఆంగ్లదినపత్రిక వెల్లడించింది’ అని పేరు లేకుండా దాటవేయవచ్చు. ఇటీవల ఈ వివాదం దిశ మార్చుకొంది. పత్రికలకు లంకె వేసే పెద్ద సంస్థలు అందుకు ప్రతిఫలం ఇవ్వాలన్న ఆలోచనతో ఆస్ట్రేలియా 2021లోనూ, కెనడా 2023లోనూ చట్టాలు చేశాయి. కెనడా చట్టం వచ్చిన తరువాత మెటా సంస్థ ఆ దేశంలో తన వేదికలపై వార్తల లంకెలనే నిలిపివేసింది. ముప్ఫై ఏళ్ళ కిందట లంకె వేయవద్దన్న పత్రికారంగం, లంకె లేకపోతే పాఠకుడు రాడన్న స్థితికి చేరింది.

తెగిన లంకెలు

న్యాయస్థానాలు పరిష్కరించలేని సమస్య కాలానిది. 2021లో హార్వర్డ్ న్యాయకళాశాల పరిశోధకులు ‘న్యూయార్క్ టైమ్స్’ అంతర్జాల కథనాలలో 1996 నుంచి 2019 మధ్యభాగం వరకు బయటి స్థలాలకు వేసిన 22,83,445 లంకెలను పరిశీలించారు. వాటిలో 72 శాతం నిర్దిష్టమైన లోపలి పుటలకు వేసినవి. ఆ లోపలి పుటల లంకెలలో నాలుగవ వంతు అప్పటికే తెరుచుకోవడం లేదు. కాలక్రమాన్ని బట్టి చూస్తే, 2018 నాటి వాటిలో 6 శాతం, 2008 నాటి వాటిలో 43 శాతం, 1998 నాటి వాటిలో 72 శాతం తెగిపోయాయి. వనరులకు కొరత లేని పత్రికలోనే పరిస్థితి ఇది. తెరుచుకొనే లంకెలలో కూడా కొన్నిటి గమ్యంలో విషయం మారిపోయిందని, పరిశీలనకు తీసుకొన్న నమూనాలో అవి 13 శాతమని వారు గుర్తించారు. ఈ రెండవ లోపం మొదటిదానికంటే ప్రమాదకరం. తెగిన లంకె తన లోపాన్ని తానే ఒప్పుకొంటుంది. మారిపోయిన పుట మాత్రం తప్పుడు సాక్ష్యం చెబుతుంది.

ప్యూ పరిశోధనసంస్థ 2024లో ప్రకటించిన అధ్యయనం దీనిని మరొక వైపు నుంచి ధ్రువపరిచింది. 2013లో ఉన్న పుటలలో 38 శాతం పదేళ్ళ తరువాత అందుబాటులో లేవు. వార్తాపుటలలో 23 శాతం కనీసం ఒక తెగిన లంకెనైనా కలిగి ఉన్నాయి.

ఈ నష్టాన్ని తగ్గించే ప్రయత్నాలు పత్రికల వెలుపలే మొదలయ్యాయి. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌పుటల ప్రతులను తేదీలతో సహా భద్రపరుస్తూ, 2001లో వాటిని ‘వేబ్యాక్ మెషీన్’ ద్వారా అందరికీ అందించింది. 2013లో హార్వర్డ్ న్యాయగ్రంథాలయం ఆధ్వర్యంలో ‘పర్మా’ సేవ మొదలైంది. రచయిత ఉల్లేఖించిన పుటను ఆ క్షణంలోనే ప్రతి తీసి, మారని చిరునామా ఇవ్వడం దాని పని. తాళపత్రప్రతి శిథిలం కాకముందే మరొక ప్రతి రాయించి ఉంచిన పాతకాలపు జాగ్రత్త ఈ ప్రయత్నాలలో కొత్తరూపం దాల్చింది.

తెలుగు సందర్భం

తెలుగులో ఈ సమస్యకు లిపి మరొక పొరను చేర్చింది. యూనికోడ్ తొలికూర్పు 1991లోనే తెలుగు లిపికి స్థానం ఇచ్చినప్పటికీ, తెలుగు పత్రికలు అంతర్జాలంలో ప్రవేశించిననాడు చాలావరకు తమతమ సొంత ఫాంట్లపై ఆధారపడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు ఆకృతులను అమర్చడం ఆ ఫాంట్ల పద్ధతి. పాఠకుని కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే వార్త అర్థం లేని గుర్తుల వరుసగా కనిపించేది. అన్వేషణయంత్రం దానిని తెలుగుగా గుర్తించలేకపోయేది. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ ఉపకరణం ఇటువంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపింది. అప్పటి లంకె తెరుచుకోవడం, అక్కడి తెలుగు చదవడానికి వీలుకావడం రెండు వేర్వేరు విషయాలు. ఆ కాలపు పుట ఇప్పుడు భద్రంగా ఉన్నా, దాని ఫాంటు సంకేతపద్ధతి తెలియనిదే పాఠం అందదు.

యూనికోడ్ స్థిరపడిన తరువాత చిరునామా సమస్య మిగిలింది. వెబ్ చిరునామాలో తెలుగు వర్ణసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లుగా, బైటు ఒక్కొక్కటి మూడు గుర్తులుగా మారుతుంది. ‘వార్త’ అనే రెండక్షరాల మాటలో ఐదు సంకేతాలు ఉన్నాయి. అది చిరునామాలో 45 గుర్తులవుతుంది. ఒక శీర్షిక అంతా ఈ విధంగా మారితే ఆ చిరునామాను అచ్చులో ఇవ్వడం, చూసి మళ్ళీ ఎక్కించడం దుస్సాధ్యం. కనుక తెలుగు వార్తల చిరునామాలు సాధారణంగా ఇంగ్లీషు లిపిలోనో, కేవలం సంఖ్యలతోనో ఉంటాయి. అటువంటి చిరునామా తెగినప్పుడు కథనం శీర్షిక ఏదో ఊహించడానికి కూడా ఆధారం మిగలదు.

మూలపత్రాల లభ్యత మరొక అంశం. ‘జీవో జారీ అయింది’ అనే వార్తకు ఆ జీవో ప్రతియే ఆధారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను యథాపూర్వంగా అంతర్జాలంలో బహిరంగపరిచే పద్ధతిని నిలిపివేసింది. 2024లో ఆ పద్ధతి పునరుద్ధరణ పొందింది. పాత్రికేయునికి లంకె వేయాలన్న సంకల్పం ఉన్నా, చూపవలసిన పుట బహిరంగంగా లేనప్పుడు లంకెకు గమ్యం ఉండదు. అందువల్ల పనిచేసే లంకె పత్రిక ఒక్కదాని చేతిలో ఉన్నది కాదు. చూపేవారి నిజాయితీ, చూపబడేవారి పారదర్శకత రెండూ కలిస్తేనే అది నిలుస్తుంది.

2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ఈ సమస్య ఫలితం ప్రత్యక్షమవుతుంది. సమకాలీన వ్యక్తులు, చలనచిత్రాలు, ఎన్నికలు, గ్రామాల గురించిన వ్యాసాలకు తెలుగు దినపత్రికల అంతర్జాల కథనాలు ముఖ్యమైన ఆకరాలు. ఒక కథనం కనుమరుగైతే దానిపై ఆధారపడిన వాక్యం నిరాధారమవుతుంది. అందుకే అక్కడి మూలాల మూసలలో అసలు చిరునామాతోపాటు భద్రపరచిన ప్రతి చిరునామానూ, భద్రపరచిన తేదీనీ ఇచ్చే వీలు కల్పించారు. విజ్ఞానసర్వస్వం రాసే స్వచ్ఛందకార్యకర్తలు అనుసరించదగిన ఈ క్రమశిక్షణ విశ్వవిద్యాలయ పరిశోధనకు మరింత అవసరం. అంతర్జాల చిరునామాను మాత్రమే ఇచ్చిన ఉపయుక్తగ్రంథసూచిక, గ్రంథం పేరు చెప్పకుండా బీరువా సంఖ్య మాత్రమే చెప్పినట్టిది. బీరువాను జరిపిననాడు ఆ సూచన వ్యర్థమవుతుంది.

ముగింపు

ఈ చరిత్రలో లంకె మూడు రూపాలలో కనిపించింది. తొలుత అది పాఠకుని దారిమళ్ళించే ఉపాయంగా అనుమానాలపాలైంది. తరువాత న్యాయస్థానాలలో అధస్సూచికగా గుర్తింపు పొందింది. నేడు తెగిపోతున్న సాక్ష్యంగా మిగిలింది. మొదటి వివాదం తీరిపోయింది కనుక సమస్య తీరిందని భావించడానికి వీలులేదు. వార్తలో లంకె వేయడం ‘నా మాటను పరీక్షించండి’ అని పాఠకునికి ఇచ్చే హామీ. ఆ హామీని ప్రచురణదినాన ఇచ్చి, స్థలాన్ని పునర్నిర్మించిననాడు ఉపసంహరించుకోవడం తగదు.

దీనికి కావలసిన పనులు పెద్దవి కావు. వార్తలో లంకె వేసినప్పుడే మూలపత్రం పేరు, తేదీ, వెలువరించిన సంస్థ వాక్యంలో ఉండాలి. లంకె తెగినా ఆ వాక్యం ఆధారాన్ని సూచిస్తూనే ఉంటుంది. ముఖ్యమైన మూలపత్రాల ప్రతిని ఆ రోజే భద్రపరచాలి. స్థలం మారినప్పుడు పాత చిరునామాల నుంచి కొత్తవాటికి దారి కల్పించాలి. అంతర్జాల వార్తను ఉల్లేఖించే తెలుగు పరిశోధకులు కూడా కథనం శీర్షిక, రచయిత, పత్రిక, ప్రచురణ తేదీ, చూసిన తేదీ, భద్రపరచిన ప్రతి చిరునామా ఇవ్వడం నియమంగా పెట్టుకోవాలి. నిఘంటువులోని పొడి అక్షరాలు ఈనాటికీ పాఠకుని ఆకరగ్రంథం దగ్గరకు చేరుస్తున్నాయి. ఇరవై ఏళ్ళ కిందటి వార్తలోని లంకె ఆ పని చేయలేకపోతే, రేపటి చరిత్రకారునికి ఈ కాలపు తెలుగు ప్రజాజీవితం గురించి మాటలు మిగులుతాయి గాని ఆధారాలు మిగలవు.